ద్రాక్షసారా పీపాలో గార, ఒంట్లో రాయి

పళ్ళ డాక్టర్లు గారను టార్టార్ అంటారు. ఆ మాట మొదట ద్రాక్షసారా పీపాలది. సారా నిలవున్న పీపా లోపల చెక్కకు గట్టిగా పట్టే ఉప్పు పేరది. 16వ శతాబ్దంలో ఆ మాటను జబ్బులకు తెచ్చినవాడు స్విట్జర్లాండ్‌లో పుట్టిన వైద్యుడు పారాసెల్సస్. పీపాలో జరిగేదే ఒంట్లోనూ జరుగుతుందన్నాడు. తిన్నదాంట్లో పనికిరానిది బయటికి పోకపోతే పళ్ళ మీద గారగా, కిడ్నీలో రాయిగా, కీళ్ళలో నొప్పిగా గడ్డకడుతుందని ఆయన లెక్క.

అప్పటికి యూరప్‌లో పాతకాలపు గ్రీకు వైద్యుడు గాలెన్ మాటే వేదం. రక్తం, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తం సమతూకం తప్పితే జబ్బు. వాత పిత్త కఫాలు విన్న మనకు ఇది కొత్తగా అనిపించదు. పారాసెల్సస్ అలా కాదన్నాడు: ప్రతి జబ్బుకూ ఒక పదార్థం, ఒక చోటు ఉంటాయి. 1527లో బాసెల్‌లో లాటిన్ వదిలి జర్మన్‌లో పాఠాలు చెప్పాడు. మరుసటి ఏడాదే ఊరు విడిచి పోవాల్సి వచ్చింది. గని కార్మికుల ఊపిరితిత్తుల జబ్బుకు లోహాల ఆవిర్లే కారణమని ఆయన రాసిన పుస్తకం 1567లో గానీ అచ్చు కాలేదు. అప్పటికి ఆయన పోయి 26 ఏళ్ళు. నాకు ఆయన రాతల్లో అన్నిటికన్నా విలువైనది అదే.

బ్రసెల్స్‌కు చెందిన వైద్యుడు వాన్ హెల్మాంట్ ఇంకో అడుగు వేశాడు. అన్నం అరగడానికి కడుపులో వేడి చాలదు, ఆమ్లం కావాలన్నాడు. 'గ్యాస్' అనే మాట పుట్టించింది కూడా ఆయనే. తర్వాత నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో సిల్వియస్ అనే వైద్యుడు జబ్బులన్నిటినీ ఆమ్లం, క్షారం గొడవగా కుదించేశాడు. అక్కడ దారి తప్పింది. 1675లో రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ బాయిల్ దాన్ని గట్టిగా ప్రశ్నించాడు.

ఈ పొరపాట్ల భారం రోగులే మోశారు. పాదరసం, యాంటిమొనీ అనే విషపదార్థం మందులుగా మింగించారు. యాంటిమొనీని పారిస్‌లో 1566లో నిషేధించి, 1666లో మళ్ళీ అనుమతించారు.

అయినా వెతుకులాట ఆగలేదు. 1670లలో ఇంగ్లండ్ వైద్యుడు థామస్ విల్లిస్ మధుమేహ రోగి మూత్రం తేనెలా తియ్యగా ఉందని రాశాడు. మధుమేహం అని పేరు పెట్టిన మన పాత వైద్యులకు ఆ తీపి ఎప్పుడో తెలుసు. తీపి ఎందుకన్నది మిగిలింది. 1776లో మరో ఇంగ్లండ్ వైద్యుడు మాథ్యూ డాబ్సన్ ఆ మూత్రాన్ని ఇగరబెట్టి, మిగిలిన తెల్లటి ముద్ద చక్కెరేనని చూపించాడు. రోగి రక్తరసం కూడా తియ్యగానే ఉందని గమనించాడు.