కెరీర్ మీద ప్రాజెక్టు పేపర్: అపోహలు - వాస్తవాలు

విద్యార్థుల ప్రాజెక్టు పేపర్లు దిద్దడం నా పనిలో భాగం. ‘నేను చేయాలనుకుంటున్న ఉద్యోగం’ అని టాపిక్ ఇస్తే చాలామంది చదువు గురించి రాసుకొస్తారు. ఏ కోర్సు, ఎన్నేళ్లు, ఏ ఎంట్రన్స్... అంతే. ఉద్యోగంలో చేరాక ఏం చేయాలో ఒక్క పేరా ఉండదు. ఏటా ఎవరో ఒకరు ఎంచుకునే ఫార్మసిస్టు ఉద్యోగాన్నే ఉదాహరణగా పెట్టుకుని చెబుతాను.

అపోహ: గూగుల్‌లో ముందు వచ్చిన నాలుగు లింకులు చదివితే చాలు.

వాస్తవం: వాటిలో చాలావరకు సీట్లు నింపుకోవాలనుకునే కాలేజీలవి, కోచింగ్ సెంటర్లవి. కేంద్ర కార్మిక శాఖ తెచ్చిన ‘జాతీయ వృత్తుల వర్గీకరణ-2015’ చూడండి. ఒక్కో వృత్తికి ఎనిమిది అంకెల కోడ్, అందులో చేసే పనుల వివరణ ఉంటాయి. తర్వాత ఆ వృత్తికి సంబంధించిన చట్టం. 1948 నాటి ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ ప్రకారం డాక్టరు చీటీ మీద మందులు ఇవ్వాల్సింది రిజిస్టర్డ్ ఫార్మసిస్టే. అది చదివిన పిల్లలకు వెంటనే ఒక అనుమానం రావాలి: మరి మా వీధి షాపులో మందులిచ్చే అబ్బాయి ఎవరు? పేపర్‌కి కావాల్సిన అసలు ప్రశ్న అదే. బీఫార్మసీ నాలుగేళ్లు, ఫార్మ్-డీ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఆరేళ్లు అన్న వివరాలు ఒక పట్టికలో వేస్తే సరిపోతుంది.

అపోహ: పెద్ద హోదాలో ఉన్నవాళ్లను ఇంటర్వ్యూ చేస్తేనే పేపర్‌కి బరువు.

వాస్తవం: వాళ్లు సభలో మాట్లాడినట్టు మాట్లాడతారు. చేరి మూడు నాలుగేళ్లయినవాళ్లను వెతకండి. అడిగే పద్ధతి కూడా ముఖ్యం. ‘మీ ఉద్యోగం ఎలా ఉంటుంది సార్?’ అంటే ‘బాగుంటుందమ్మా, సేవాభావం ఉండాలి’ అనే వస్తుంది. ‘నిన్న షాపు తెరిచినప్పటి నుంచి మూసేదాకా ఏమేం చేశారో వరసగా చెప్పండి అన్నా’ అని అడగండి. స్టాకు లెక్క, ఎక్స్‌పైరీ దగ్గరపడ్డ మందులు తీసి డిస్ట్రిబ్యూటర్‌కు తిప్పి పంపడం, అర్థంకాని చీటీ పట్టుకుని డాక్టరుకు ఫోన్ చేయడం, షెడ్యూల్ హెచ్1 (చీటీ ఉంటేనే అమ్మాల్సిన, అమ్మకం లెక్క ఉంచాల్సిన మందుల జాబితా) మందుల కోసం విడిగా రిజిస్టర్ రాయడం, చీటీ లేకుండా యాంటీబయాటిక్ ఇమ్మని గొడవపడేవాళ్లు, రాత్రికి కాళ్ల పీకులు... అన్నీ బయటికొస్తాయి. ఇవి ఏ వెబ్‌సైట్‌లోనూ ఇంత వివరంగా దొరకవు. మాట్లాడినవాళ్లు పేరు వద్దంటే రాయకండి, ‘జిల్లా కేంద్రంలో రిటైల్ షాపు ఫార్మసిస్టు’ అంటే చాలు. ఫోన్‌లో రికార్డు చేసే ముందు అడగండి. ఇది మర్యాద కూడా.

అపోహ: జీతం అంటే ప్రకటనలో ఉన్న ప్యాకేజీ.

వాస్తవం: ఆ ప్యాకేజీనే సీటీసీ అంటారు, అంటే ఉద్యోగి మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు. అందులో కంపెనీ తన వంతుగా కట్టే పీఎఫ్, చాలాచోట్ల గ్రాట్యుటీ కూడా కలిపేస్తారు. చేతికొచ్చేది వేరు. ఒకే అంకె కాకుండా చేరినప్పుడు ఎంత, ఐదేళ్లకు ఎంత, ఏ ఊళ్లో అన్నది రాయండి. ‘అత్యధిక ప్యాకేజీ’ ఒక్కరికి వచ్చింది, మిగతావాళ్ల సంగతి అది చెప్పదు.

అపోహ: చివర్లో ‘ఈ వృత్తే నాకు తగినది’ అని రాయాలి.

వాస్తవం: అక్కర్లేదు. ‘రోజంతా నిలబడి కస్టమర్లతో మాట్లాడటం నా వల్ల కాదు, మందుల కంపెనీ క్వాలిటీ ల్యాబ్ వైపు చూస్తాను’ అని కారణాలతో రాసిన పేపర్‌కి నేను ఎక్కువ మార్కులే వేస్తాను. పొగడ్తలతో నిండిన పేపర్లు చదివి చదివి విసుగొచ్చింది, నిజం చెప్పాలంటే.

అపోహ: కాపీ పది శాతం లోపు ఉంటే ఏమీ అనరు.

వాస్తవం: ఆ పది శాతం మాట యూజీసీ (విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే జాతీయ సంస్థ) 2018 నిబంధనల్లోది. పీజీ, పరిశోధన డిగ్రీల థీసిస్‌లకూ ప్రచురించే పేపర్లకూ వర్తిస్తుంది. అసైన్‌మెంట్లు, ప్రాజెక్టు రిపోర్టులను అందులోంచి మినహాయించారు. కాబట్టి మీ పేపర్‌కి హద్దు పెట్టేది మీ కాలేజీ, మీ గైడ్. చాట్‌బాట్‌తో రాయించుకుంటే అది చెప్పిన ప్రతి చట్టం సెక్షన్‌నూ, ప్రతి అంకెనూ అసలు పత్రంలో వెతికి చూసుకోండి. లేని సెక్షన్లను కూడా అది ధీమాగా చెప్పేస్తుంది. వైవాలో మేం ముందు అడిగేది వాటి గురించే.