గొట్టా బ్యారేజీ, పోర్టల్ సిర, మూణ్ణెల్లకో రక్తపరీక్ష

పర్లాకిమిడి నుంచి ఒక అమ్మాయి అడిగింది: "మా నాన్నగారికి పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ విశాఖలో చేయించామండీ. గడ్డ మొత్తం తీసేశాం, అంచులు కూడా శుభ్రంగా ఉన్నాయి అన్నారు. అంతా పోయాక మూణ్ణెల్లకోసారి రక్తపరీక్ష, ఆపైన స్కాన్‌లు దేనికి? పోయిన రోగాన్ని కెలికితే మళ్లీ లేస్తుందని ఇంట్లో పెద్దవాళ్లు భయపడుతున్నారు."

కెలకడం వల్ల లేవదు. సూది గుచ్చి రక్తం తీసినంత మాత్రాన, స్కాన్ తీసినంత మాత్రాన క్యాన్సర్ పాకదు. ఈ భయంతో పరీక్ష మానేసి, కామెర్లు కనిపించాక పరుగెత్తిన ఇళ్లు మన వైపు ఉన్నాయి. అందుకే ఈ మాట ముందే గట్టిగా చెబుతున్నాను. తిరగబెట్టే రోగం చాలావరకు ఆపరేషన్‌కి ముందే గడ్డ నుంచి జారిపోయిన కణాలదే. అవి స్కాన్‌కి అందనంత చిన్నవిగా ఎక్కడో కూర్చుని ఉంటాయి. ఎక్కడ కూర్చుంటాయన్నది వంశధార దగ్గర పెరిగినవాళ్లకి ఇట్టే అర్థమవుతుంది.

పేగు నుంచి వచ్చే రక్తం నేరుగా గుండెకి పోదు. చిన్న చిన్న సిరలన్నీ కలిసి పోర్టల్ సిర అయి, ముందు కాలేయంలోకి వెళతాయి. గుణుపురం, కాశీనగర్ మీదుగా వచ్చే వంశధార, పర్లాకిమిడిని ఒరుసుకుంటూ వచ్చి అందులో కలిసే మహేంద్రతనయ, రెండూ చివరికి హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీకే కదా చేరేది? ఎగువన కొట్టుకొచ్చిన దుంగ అక్కడ తగులుకోవాల్సిందే. పోర్టల్ సిర కూడా కాలేయంలో వెంట్రుక కంటే సన్నటి పాయలుగా చీలుతుంది, రక్తం వేగం పడిపోతుంది, జారిన కణం అక్కడ చిక్కుకుంటుంది. స్కాన్‌లో డాక్టరు ముందుగా కాలేయం చూసేది అందుకే. అయితే మహేంద్రగిరిలోనే పుట్టిన ఇంకో మహేంద్రతనయ ఉంది. అది వంశధార ముఖం చూడకుండా బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. మలాశయం కింది భాగంలోని సిరలదీ అదే దారి. కాలేయాన్ని తప్పించుకుని పెద్ద సిర గుండా గుండెకి, అక్కణ్ణుంచి ఊపిరితిత్తులకి పోతాయి. పొట్టతో పాటు ఛాతీకి కూడా సీటీ స్కాన్ తీస్తారు, కారణం ఇదే. బడిలో కాలేయం అనగానే పైత్యరసం అని చెప్పి పాఠం ముగించేస్తాం. ఈ సిర బొమ్మ ఒక్కటి బోర్డు మీద గీస్తే పిల్లలకి ఎన్ని విషయాలు తెలుస్తాయో!

ఇక రక్తపరీక్ష. దాని పేరు సీఈఏ. 1965లో కెనడాలోని మాంట్రియల్‌లో ఫిల్ గోల్డ్, శామ్యూల్ ఫ్రీడ్‌మన్ అనే పరిశోధకులు కనిపెట్టిన ప్రొటీన్ అది. గర్భంలోని శిశువు పేగులో దండిగా ఉంటుంది. పెద్దయ్యాక పేగు కణం దాన్ని కొద్దిగానే తయారుచేసి, పేగు బోలు వైపుకే వదులుతుంది, అది మలంతో పోతుంది. క్యాన్సర్ కణానికి ఆ దిక్కు తెలియదు. అన్ని వైపులకీ వదిలేస్తుంది, అలా రక్తంలోకి చేరుతుంది. ఆపరేషన్‌కి ముందు పెరిగి ఉంటే, తరువాత నాలుగు నుంచి ఆరు వారాల్లో మామూలుకి దిగాలి. మిల్లీలీటరుకి 5 నానోగ్రాములు అన్నది సాధారణంగా పెట్టుకునే గీత.

కానీ ఆ గీతనే నమ్ముకోకూడదు. వరద రోజుల్లో కాశీనగర్ దగ్గర నీటిమట్టం ఎంతుందో చెబితే దిగువ ఊళ్లవాళ్లు ఊరుకోరు, పెరుగుతోందా తగ్గుతోందా అని అడుగుతారు. సీఈఏని కూడా అలాగే అడగాలి. 1.8, 2.0, 3.1, 4.6 అని వరుసగా వస్తే ప్రతి కాగితం మీదా 'నార్మల్' అనే ఉంటుంది, మట్టం మాత్రం ఎక్కుతోంది. ఏళ్ల తరబడి 5.5 దగ్గరే కదలకుండా ఉంటే అంత కంగారు లేదు. అందుకే కాగితాలన్నీ ఒకే ఫైల్లో వరుసగా పెట్టాలి, వీలైనంతవరకు ఒకే ల్యాబ్‌లో చేయించాలి. ల్యాబ్ మారితే కొలిచే పద్ధతీ మారుతుంది. పొగ తాగేవాళ్లకి సీఈఏ కొంచెం ఎక్కువగానే ఉంటుంది. మన గజపతి, గంజాం, శ్రీకాకుళం వైపు చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్లు ఉన్నారు. ఆ సంగతి సిగ్గుపడకుండా డాక్టరుకి చెప్పాలి. రక్తంలోంచి సీఈఏని తీసేసేది కాలేయమే కాబట్టి కాలేయ జబ్బుల్లోనూ పెరుగుతుంది. ఒక్కసారి పెరిగితే మళ్లీ చేయించి చూస్తారు, అప్పటికీ ఎక్కువే ఉంటే స్కాన్‌కి పంపుతారు. కొందరిలో రోగం తిరగబెట్టినా సీఈఏ అసలు కదలదు, అందువల్ల రక్తపరీక్ష బాగుందని స్కాన్ ఎగ్గొట్టడానికి లేదు.

ముందే పట్టుకుంటే ఏం లాభం? కాలేయంలో ఒకటి రెండు మచ్చలే ఉన్నప్పుడు ఆ ముక్క కోసి తీసేయొచ్చు. ఆరోగ్యమైన కాలేయంలో మూడో వంతు మిగిలినా చాలు, మళ్లీ పెరుగుతుంది. ఈ రోగం కాలేయానికి పాకినా పూర్తిగా నయమయ్యే అవకాశం కొందరికి ఇంకా మిగిలి ఉండేది ఇందువల్లే.

అలాగని నెలనెలా స్కాన్ అడగక్కర్లేదు. స్వీడన్, డెన్మార్క్, ఉరుగ్వేల్లో 2,509 మంది మీద చేసిన అధ్యయనం 2018లో వచ్చింది. ఒక జట్టుకి మూడేళ్లలో ఐదుసార్లు, ఇంకో జట్టుకి రెండేసార్లు సీటీ, సీఈఏ చేశారు. ఐదేళ్లలో మరణాలు 13.0 శాతం, 14.1 శాతం. లెక్కకి వచ్చే తేడా కాదది. మామూలుగా పాటించే పద్ధతి: సీఈఏ రెండేళ్లపాటు మూడు నుంచి ఆరు నెలలకోసారి, తరువాత ఐదేళ్ల వరకు ఆరు నెలలకోసారి; సీటీ ఆరు నెలలకో ఏడాదికో, క్యాన్సర్ దశని బట్టి. తిరగబెట్టేవాటిలో ఎక్కువ భాగం మొదటి రెండు మూడేళ్లలోనే బయటపడతాయి, మొదట్లో దగ్గరదగ్గరగా పిలిచేది దానికే.

కొలనోస్కోపీ, అంటే మలద్వారం గుండా కెమెరా గొట్టం పంపి పెద్దపేగు లోపల చూసే పరీక్ష, దాని పని వేరు. అది మిగిలిన పేగులో కొత్తగా మొలిచే పాలిప్స్ (పేగు లోపలి గోడ మీద లేచే చిన్న బుడిపెలు) కోసం. ఆపరేషన్ అయిన ఏడాదికి చూసి, బాగుంటే మూడేళ్లకి, తరువాత ఐదేళ్లకోసారి. పేగు మూసుకుపోయి ఆపరేషన్‌కి ముందు పూర్తిగా చూడలేకపోతే మాత్రం మూడు నుంచి ఆరు నెలల్లోనే చేయించాలి. రోగి పిల్లలూ తోబుట్టువులూ కూడా 40 ఏళ్లకో, లేదా రోగికి జబ్బు బయటపడిన వయసుకి పదేళ్ల ముందో, ఏది ముందైతే అప్పుడు మొదటిసారి కొలనోస్కోపీ చేయించుకోవాలి.