మనోవైద్య పరిశోధనల పటం: అపోహలు, వాస్తవాలు

వరంగల్‌లో మనోవైద్యం బోధిస్తూ, ప్రచురిత పత్రాలను లెక్కగట్టి పరిశోధన ఏ దిశగా సాగుతోందో చూసే బిబ్లియోమెట్రిక్ విశ్లేషణలో కొన్నేళ్లుగా పనిచేస్తున్నాను. థీసిస్‌కు ఈ పద్ధతిని ఎంచుకునే పీజీ విద్యార్థులు ఏటా దాదాపు ఇవే నమ్మకాలతో వస్తున్నారు.

అపోహ: ఎక్కువ సైటేషన్లు (ఇతర పత్రాల్లో ఉదహరింపులు) వచ్చిన పత్రమే మేలైన పత్రం.

వాస్తవం: తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకాను ఆటిజంతో ముడిపెట్టిన వేక్‌ఫీల్డ్ పత్రం 1998లో లాన్సెట్‌లో వచ్చింది, 2010లో ఆ పత్రిక దానిని ఉపసంహరించుకుంది. దానిని ఉదహరించినవారిలో ఎక్కువమంది ఖండించడానికే ఉదహరించారు, అయినా లెక్కలో ఖండన కూడా సైటేషనే.

అపోహ: పత్రాల సంఖ్య చూపే గ్రాఫ్ పైకి లేచిందంటే ఆ అంశంపై ఆసక్తి పెరిగినట్టే.

వాస్తవం: జబ్బుల పేర్లే మారుతుంటాయి. 1980లో డీఎస్ఎం (అమెరికా మనోవైద్యుల సంఘం ప్రచురించే జబ్బుల వర్గీకరణ గ్రంథం) మూడో కూర్పు వచ్చినప్పుడు మ్యానిక్ డిప్రెసివ్ జబ్బు బైపోలార్ రుగ్మతగా మారింది. 'బైపోలార్' అని మాత్రమే వెతికినవారికి ఆ తర్వాతి దశాబ్దాల్లో కొత్త జబ్బొకటి పుట్టుకొచ్చినట్టు కనిపిస్తుంది. పైగా పత్రాల మొత్తం సంఖ్యే పెరుగుతూ వస్తోంది కనుక, గీయవలసింది సంఖ్యను కాదు, మొత్తంలో వాటాను.

అపోహ: పత్రాల జాబితా ఇస్తే, ఏ పదాలు లేదా ఏ రచయితలు కలిసి కనిపిస్తారో చూపే పటాన్ని సాఫ్ట్‌వేరే గీసేస్తుంది.

వాస్తవం: లైడెన్ విశ్వవిద్యాలయంలో తయారైన వీఓఎస్‌వ్యూయర్ ఉచితంగా దొరుకుతుంది, రంగురంగుల గుంపులను నిమిషాల్లో గీస్తుంది. అయితే ఒక పదం కనీసం ఎన్ని పత్రాల్లో వస్తే పటంలోకి తీసుకోవాలో మనమే చెప్పాలి; ఆ హద్దు మారితే గుంపులూ మారవచ్చు. మన పేర్లతో మరో చిక్కుంది. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, డేటాబేస్‌లు సాధారణంగా చివరి మాటను ఇంటిపేరుగా తీసుకుంటాయి. దాంతో ఒకే రచయిత ఒకచోట అసలు ఇంటిపేరుతో, మరోచోట 'రెడ్డి'గానో 'రావు'గానో నమోదై ఇద్దరవుతారు. ఒకే ఇనీషియల్ ఉన్న పలువురు రెడ్డిలు ఒక్కరవుతారు. ఎవరు ఎవరితో కలిసి రాశారో చూపే తెలుగు పరిశోధకుల సహకార పటాన్ని, పనిచేసే కళాశాల పేరుతో సరిచూస్తూ చేత్తో శుద్ధి చేయక తప్పదు. విసుగు పుట్టించే పనే, కానీ విశ్లేషణలో సగం నిజాయితీ అక్కడే ఉంటుందని నా అభిప్రాయం.

అపోహ: ఏ జబ్బుపై ఎక్కువ పత్రాలుంటే జనంలో ఆ జబ్బే ఎక్కువ.

వాస్తవం: అన్నిటికన్నా నష్టం చేసేది ఈ నమ్మకమే. ఉత్తర తెలంగాణలో కల్తీ కల్లుకు అలవాటుపడినవారు అది దొరకని రోజుల్లో వణుకు, నిద్రలేమి, భ్రాంతులు, ఫిట్స్‌తో ఆసుపత్రులకు వస్తారు. 2015లో కల్తీ కల్లుపై దాడులు జరిగినప్పుడు నిజామాబాద్ ప్రాంతంలో ఇది అందరూ చూసిందే. కల్తీకి వాడేవి అల్ప్రజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ వంటి నిద్ర, మత్తు మందులు కాబట్టి, ఆ రోగుల గురించి రాసిన పత్రం ఒకటి మద్యం కింద, ఒకటి నిద్రమాత్రల కింద, మరొకటి డెలీరియం (హఠాత్తుగా వచ్చే మతిగందరగోళం) కింద చేరుతుంది. మూడుచోట్లా చిన్న చుక్కే, పటంలో కల్లు అనే గుంపే ఉండదు. సర్వేతో పోల్చి సరిచూద్దామన్నా, 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో తెలంగాణ లేదు. అందువల్ల మా విద్యార్థుల వెతుకుడు పదాల పట్టికలో కల్లు, తాటికల్లు, ఈతకల్లు అనే మాటలను ఆంగ్లంలో ఎన్ని రకాలుగా రాస్తారో అన్ని రకాలుగానూ చేర్పిస్తున్నాను. దొరికిన పత్రాలను కీవర్డ్‌ను బట్టి కాక, సారాంశం చదివాకే వర్గీకరించమంటున్నాను.