షెల్ఫ్ మైనస్ పదిలో, మరి వయల్‌లో ఎంత? లైయో టెంపరేచర్ వెనకున్న పాత కథ

పరవాడ ఫార్మా సిటీ వైపు డ్యూటీకెళ్లే లైయో సెక్షన్ (మందుని గడ్డకట్టించి వాక్యూమ్‌లో ఆరబెట్టే చోటు) వాళ్లని కదిపితే చాలు, ఎప్పుడూ ఇదే గొడవ, వయల్స్ (చిన్న మందు సీసాలు) పెట్టే షెల్ఫ్ టెంపరేచర్ గ్రాఫ్ గీత గీసినట్టు ఉంది, అయినా కొన్ని వయల్స్‌లో కేక్, అంటే ఆరిన మందు ముద్ద, కుంగిపోయింది, ఎందుకు అని. ఒక ప్లాంట్‌లో వాలిడేషన్‌లో (తయారీ పద్ధతి సరిగ్గా పనిచేస్తోందో పరీక్షించే పని) ఉన్నప్పుడు నేనూ చూశాను, కుంగినవన్నీ ట్రే అంచున ఉన్నవే, మా ప్రోబ్‌లేమో (టెంపరేచర్ కొలిచేవి) మధ్య వరుసల్లో.

గడ్డకట్టించి ఆరబెట్టే పద్ధతిని 1906లో పారిస్‌లో దార్సోన్వాల్, బోర్డాస్ చూపించారు, రెండో ప్రపంచ యుద్ధంలో ప్లాస్మా కోసం పెద్దెత్తున వాడారు. మెషీన్లు పెద్దవయ్యేకొద్దీ రికార్డయ్యేది మాత్రం షెల్ఫ్ లోపల తిరిగే ఆయిల్ టెంపరేచరే. అసలు చిక్కు అక్కడే ఉంది. ఐసు నేరుగా ఆవిరవుతూ తన వేడి తనే లాగేసుకుంటుంది, కుండలో నీళ్లు చల్లబడినట్టే అనుకోండి (మన వైజాగ్ ఉక్కలో కుండ సరిగ్గా పనిచేయదు గానీ వాక్యూమ్‌లో ఇది బ్రహ్మాండంగా జరుగుతుంది), అందుకే షెల్ఫ్ మైనస్ 10లో ఉన్నా లోపల ఐసు మైనస్ 30 కింద ఉండొచ్చు. సుక్రోజ్ ఉన్న మందైతే దాదాపు మైనస్ 32 కంటే వెచ్చబడితే కేక్ కుంగుతుంది, అంటే రెండు మూడు డిగ్రీల తేడాతో బ్యాచ్ పోతుంది!

సరే అని వయల్‌లోనే సన్నని థర్మోకపుల్ ప్రోబ్ పెట్టారు. దాంతో ఇంకో చిక్కు. స్టెరైల్ రూమ్‌లో ఐసు మొదలవడానికి ఆసరా ఇచ్చే దుమ్ము ఉండదు కాబట్టి మామూలు వయల్ సున్నా దాటి చాలా కిందికెళ్లాక గానీ గడ్డకట్టదు, ప్రోబ్ ఉన్నది ముందే గడ్డకడుతుంది, ఐసు స్ఫటికాలు పెద్దవై ఆవిరికి దారి ఎక్కువై తొందరగా ఆరిపోతుంది, ఆ ఒక్కదాన్ని నమ్మి షెల్ఫ్ వేడి పెంచితే పక్కనున్నవి ఇంకా ఐసుతోనే ఉంటాయి. అంచు వయల్స్‌కైతే తలుపు, గోడల నుంచి అదనపు వేడి.

అందుకే వయల్‌ని ముట్టుకోకుండా కొలిచే దారి వెతికారు. వయల్స్ ఉండే ఛాంబర్‌కీ, ఆవిరిని మళ్లీ ఐసుగా పట్టే కండెన్సర్‌కీ మధ్య వాల్వ్ కొన్ని సెకన్లు మూసి ప్రెషర్ ఎలా పెరుగుతుందో చూస్తే ఐసు టెంపరేచర్ లెక్కకట్టొచ్చు, ఎందుకంటే ఐసు ఆవిరి పీడనం మైనస్ 40లో సుమారు 0.13 మిల్లీబార్, మైనస్ 30లో 0.38. దీన్ని మందుల తయారీకి వాడొచ్చా అని మిల్టన్, పికల్ వాళ్ల టీమ్ 1997లో పేపర్ వేసింది. మొదట్లో బాగానే చెబుతుంది, కొన్ని వయల్స్ ఆరిపోయాక లెక్క తప్పుతుంది. పిరానీ గేజ్ (గ్యాస్ వేడిని మోసుకెళ్లే తీరుని బట్టి ప్రెషర్ చెప్పేది) ఇంకో ఆధారం, నీటి ఆవిరిలో అసలు ప్రెషర్ కంటే సుమారు 60 శాతం ఎక్కువ చూపిస్తుంది, ఆరడం అయ్యేకొద్దీ, అసలు ప్రెషర్ చూపే కెపాసిటెన్స్ గేజ్ అంకె దగ్గరికి దిగొస్తుంది.

ఇప్పుడు ఆటోమేటిక్ లోడింగ్ వచ్చాక, 2023 ఆగస్టు 25 నుంచి ఈయూ కొత్త అనెక్స్ 1 (స్టెరైల్ మందుల తయారీ నియమాలు) కూడా అమల్లోకొచ్చాక, స్టెరైల్ ఏరియాలో చేత్తో వైర్లు పెట్టడం ఇంకా కష్టం, అందుకే వైర్‌లెస్ ప్రోబ్‌ల మీద అంత ఆసక్తి. కానీ అవి కూడా వయల్‌లో మునిగేవే, గడ్డకట్టే తేడా అలాగే ఉంటుంది.

ప్రోబ్ ఏ షెల్ఫ్‌లో, ఎన్నో వరుసలో, అంచునా మధ్యనా అని రాసే కాలమ్ మా బ్యాచ్ రికార్డ్‌లోకి అంచు వయల్స్ కుంగిన ఆ బ్యాచ్ పారేశాకే వచ్చింది.