ఒళ్లు గరుగ్గా తగిలితే చెప్పండి

కావలి

చిరంజీవులు బుజ్జమ్మకు, చిన్నోడికి అమ్మమ్మ ఆశీస్సులు.

మీ క్లాసులో ఒక పాపకి స్కార్లెట్ ఫీవర్ వచ్చిందనీ, మీరిద్దరూ టెన్షన్ పడుతున్నారనీ అమ్మ ఫోన్లో చెప్పింది. అదేమిటో తెలిస్తే సగం భయం పోతుందని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇది గొంతులో మొదలయ్యే జబ్బు. స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా గొంతులో చేరి ఒక విషాన్ని వదులుతుంది. ఒళ్లు ఎర్రబడేది ఆ విషం వల్లే. ఈ సంగతి 1920లలో జార్జ్ డిక్, గ్లాడిస్ డిక్ అనే అమెరికా డాక్టర్ దంపతులు తేల్చారు. 5 నుంచి 15 ఏళ్ల పిల్లలకే ఇది ఎక్కువగా వస్తుంది.

క్రిమి సోకిన 2 నుంచి 5 రోజుల్లో గొంతు నొప్పి, జ్వరం మొదలవుతాయి. ముద్ద మింగుడు పడదు. ఆ తర్వాత ఒకటి రెండు రోజుల్లో మెడ మీద, చంకల్లో, గజ్జల్లో సన్నటి పొక్కులు లేస్తాయి. మన చామనఛాయ ఒంటి మీద ఎరుపు సరిగా కనపడదు. ఎండాకాలమైతే చెమటకాయలే అనుకుని పౌడర్ చల్లి ఊరుకుంటారు. అందుకే చేత్తో నిమిరి చూడాలి, ఉప్పు కాగితంలా గరుగ్గా తగులుతుంది. నాలుక కూడా ముందు తెల్లగా పూతపట్టి, తర్వాత ఎర్రగా బుడిపెలు తేలుతుంది.

దగ్గు, తుమ్ము, ఎంగిలి ద్వారా ఇది అంటుకుంటుంది. చొక్కా అడ్డం పెట్టి కొరికిన కాకెంగిలి జామకాయ కూడా ఎంగిలే, ఆ గుడ్డ క్రిమిని ఆపదు. ఒకే వాటర్ బాటిల్ నలుగురూ తాగొద్దు.

ఒంటి మీద ఏది లేచినా అమ్మవారు పోసిందనే పెద్దవాళ్లు మన వైపు ఇంకా ఉన్నారు. వేపాకు పక్కన పెట్టుకోనివ్వండి, కానీ డాక్టరు దగ్గరికి మాత్రం వెళ్లాల్సిందే. పెన్సిలిన్ గానీ అమాక్సిసిలిన్ గానీ మామూలుగా 10 రోజులు ఇస్తారు. పెన్సిలిన్ పడనివాళ్లు ముందే చెబితే వేరే మందు రాస్తారు.

నాకు అసలు భయం ఇక్కడే. రెండు మూడు రోజులకే జ్వరం దిగిపోతుంది. తగ్గిపోయింది కదా అని చాలా ఇళ్లలో మందు ఆపేస్తారు. క్రిమి మిగిలిపోతే, దాన్ని చంపడానికి ఒంట్లో తయారైన రక్షణ బలమే రెండు మూడు వారాల తర్వాత పొరపాటున కీళ్ల మీద, గుండె మీద పడొచ్చు. దాన్నే రుమాటిక్ ఫీవర్ అంటారు. గుండె కవాటం ఒకసారి దెబ్బతింటే మూడు నాలుగు వారాలకో ఇంజెక్షన్ చొప్పున ఏళ్ల తరబడి వేయించుకోవాలి. అలాంటి పసిపిల్లల్ని చూస్తే కడుపు తరుక్కుపోతుంది తల్లీ. అందుకే డాక్టరు చెప్పిన ఆఖరి రోజు దాకా మాత్ర మానకూడదు. తగ్గాక కీళ్లు నొప్పి పుట్టినా, మొహం ఉబ్బినా, మూత్రం టీ రంగులో వచ్చినా వెంటనే అమ్మకు చెప్పండి.

మందు మొదలుపెట్టి ఒక రోజు గడిచి, జ్వరం కూడా లేకపోతే ఆ పాప స్కూలుకి రావచ్చు. వేళ్ల చివర్ల పొట్టు ఊడుతుంటే చూసి దూరం జరగకండి, పక్కన కూర్చోబెట్టుకోండి. ఆ పొట్టు వల్ల ఎవరికీ అంటుకోదు.

మీ అమ్మమ్మ