పైలు కాస్త దిగితేనే మోస్తుంది

విజయవాడలో అపార్ట్‌మెంటు పని మొదలైతే చాలాచోట్ల ముందు దిగేది పైలింగ్ రిగ్, అంటే నేలలో లోతుగా గొయ్యి తవ్వే యంత్రం. ఆ గోతిలో పోసే కాంక్రీటు స్తంభమే పైలు, కట్టడం బరువును నేలకు చేర్చేది అదే. ఆగి చూసేవాళ్లలో ఎక్కువమంది అనుకునేది ఒకటే: అడుగున ఎక్కడో గట్టి రాయి ఉంటుంది, పైలు దాని మీద నిలబడుతుంది. ఇంద్రకీలాద్రి పక్కన రాయి త్వరగానే తగలవచ్చు. కొండలు దాటి కృష్ణ పరిచిన ఒండ్రులోకి వస్తే ఇసుక, బంకమట్టి పొరలు పొరలుగా చాలా లోతుకు ఉంటాయి. అక్కడ పైలును ప్రధానంగా మోసేది దాని ఒంటిని అంటుకుని ఉన్న మట్టే. ఆ మట్టి పట్టు దొరకాలంటే పైలు కొద్దిగా కిందికి జారాలి.

600 మి.మీ. వ్యాసం, 20 మీటర్ల లోతు ఉన్న పైలు తీసుకుందాం. అడుగు వైశాల్యం 0.28 చదరపు మీటర్లు. చుట్టూ మట్టిని తాకే వైశాల్యం దాదాపు 38 చదరపు మీటర్లు, అంటే 130 రెట్ల పైనే. బరువు పడగానే ముందు పనిచేసేది ఈ ఒంటి రాపిడి. ఐదారు మిల్లీమీటర్లు దిగేసరికి దాని బలం దాదాపు అంతా వచ్చేస్తుంది. అడుగు అలా కాదు. కింది మట్టి నొక్కుకుని పూర్తి బలం చూపాలంటే పైలు తన వ్యాసంలో పదో వంతు, మన లెక్కలో 60 మి.మీ. దాకా దిగాలి. కట్టడాన్ని అంతదాకా రానివ్వకూడదు కాబట్టి మామూలు రోజుల్లో పెద్ద వాటా రాపిడిదే. గొయ్యి అడుగున పేరుకున్న బురద తీయకుండా కాంక్రీటు పోస్తే అడుగు మరీ ఆలస్యంగా పనిలోకి వస్తుంది. పోసేశాక ఆ బురద ఎవరి కంటికీ కనిపించదు. అందుకే ఆ ఒక్క పనిలో తొందరపడటం నాకు క్షమించరాని విషయంగా అనిపిస్తుంది.

ఆ ఐదారు మిల్లీమీటర్లలో మట్టికి ఏమవుతుంది? ఇసుకలో జారుడంతా పైలును ఆనుకుని కొన్ని రేణువుల మందం ఉన్న పల్చటి పొరలోనే జరుగుతుంది. దానికి అవతలి ఇసుక తెగిపోదు, పైలుతో పాటు కొద్దిగా కిందికి వంగుతుంది. దూరం పెరిగేకొద్దీ ఆ వంపు తగ్గిపోతుంది. పల్చటి పొరలో రేణువులు బాగా దట్టంగా ఉంటే ఒకదాని మీదుగా ఒకటి ఎక్కితే తప్ప కదల్లేవు. ఎక్కాలంటే చోటు కావాలి, చుట్టూ ఉన్న ఇసుక చోటివ్వదు. దాంతో రేణువులు తిరిగి పైలునే నొక్కుతాయి, రాపిడి పెరుగుతుంది. బాగా కూరిన బియ్యం డబ్బాలో కర్ర గుచ్చి లేపితే డబ్బా కూడా లేచి రావడానికి కారణం ఇదే.

దీన్ని కళ్లారా చూడటానికి 1964లో రాబిన్‌స్కీ, మోరిసన్ అనే పరిశోధకులు ఇసుకలో సీసపు గుళ్లు అమర్చి, నమూనా పైలును దింపుతూ ఎక్స్‌రేలు తీశారు. మొన కింద ఇసుక గట్టిపడింది. అదే ఇసుక పక్కకు జరిగి పైలు ఒంటి దగ్గరకు వచ్చేసరికి మళ్లీ వదులైంది. అది లోపలికి నొక్కి దింపిన పైలు సంగతి. మన దగ్గర తవ్వి పోసే పైళ్లలో కథ వేరు: తవ్వగానే చుట్టూ మట్టి గొయ్యి వైపు సడలుతుంది, ఆ సడలింపు ఎంత అన్నది పనితనం మీద ఆధారపడుతుంది.

అందుకే లోడ్ టెస్ట్. పైన ఇసుక బస్తాలో కాంక్రీటు దిమ్మెలో పేర్చి, వాటికీ పైలుకీ మధ్య జాకీ పెట్టి నొక్కుతారు. డయల్ గేజ్‌లో ముల్లు మిల్లీమీటరులో నూరో వంతు కదలికనూ చూపిస్తుంది. 600 మి.మీ. దాకా వ్యాసమున్న పైళ్లకు మన ప్రమాణం ఐఎస్ 2911 చూసే హద్దుల్లో ఒకటి 12 మి.మీ.: పైలు అంత దిగినప్పుడు ఉన్న బరువులో మూడింట రెండు వంతులకు మించి దాని మీద పెట్టకూడదు.

ఒక్కోసారి మట్టే పైలు కంటే ఎక్కువ దిగుతుంది. పల్లపు స్థలంలో మెరక తోలించి వెంటనే కట్టడం మొదలుపెడితే ఆ బరువుకు కింది మెత్తటి బంకమట్టి ఏళ్ల తరబడి కుంగుతూనే ఉంటుంది. కుంగుతూ పైలును కిందికి లాగుతుంది. మోయాల్సిన రాపిడే అదనపు బరువవుతుంది. పక్క బోర్లు భూగర్భజలాన్ని లాగేసినా ఇదే జరగవచ్చు.

గుంటూరు నల్లరేగడిలో వ్యవహారం ఇంకా మొండిది. ఎండల్లో నేల నెర్రెలిచ్చి పైలు ఒంటి నుంచి విడిపోతుంది కాబట్టి పైన రెండు మూడు మీటర్ల రాపిడిని లెక్కలోకి తీసుకోకపోవడమే మేలు. వానలు పడితే అదే మట్టి ఉబ్బి పైలును పట్టుకుని పైకి ఎత్తుతుంది. పెద్ద బిల్డింగ్‌కు బరువైనా ఉంటుంది, ఒక అంతస్తు ఇంటికి అదీ లేదు. అందుకే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అండర్‌రీమ్డ్ పైళ్లను అభివృద్ధి చేసింది. వీటికి తేమ మార్పు పెద్దగా చేరని లోతులో, సుమారు మూడున్నర మీటర్ల కింద, పైలు వ్యాసానికి రెండున్నర రెట్లున్న ఉబ్బు ఉంటుంది. పైమట్టి ఎత్తబోతే ఆ ఉబ్బు కింద పట్టి ఆపుతుంది. అప్పుడు పైలు నడుమ సాగుతుంది, కాంక్రీటు సాగుడును తట్టుకోలేదు. కాబట్టి ఇనుప చువ్వలు పైన కొంత మేర వేసి ఊరుకోకుండా ఉబ్బు దాకా దించాలి.