పాత స్క్రాచ్ ప్రాజెక్టులు 3.0లో తెరిస్తే: అపోహలు – వాస్తవాలు

పాత పెన్‌డ్రైవ్‌లో స్క్రాచ్ (పిల్లలు బ్లాకులు పేర్చి కోడింగ్ నేర్చుకునే సాఫ్ట్‌వేర్) ఫైళ్లు దొరికాయి, ఇప్పుడు పనికొస్తాయా అని కోడింగ్ నేర్పే తోటి టీచర్లు తరచూ అడుగుతుంటారు. గొంతులోనే టెన్షన్ తెలిసిపోతుంది.

అపోహ: ఫ్లాష్ (బ్రౌజర్లో ఆటలు, యానిమేషన్లు నడిపిన పాత సాఫ్ట్‌వేర్) పోయింది కాబట్టి ప్రాజెక్టులూ పోయినట్టే.
పోలేదు. 2013లో వచ్చిన స్క్రాచ్ 2.0 ఫ్లాష్ మీద నడిచేది. ఆ ఫ్లాష్‌కు అడోబీ 2020 డిసెంబరు 31తో మంగళం పాడింది. 2019 జనవరిలో వచ్చిన 3.0కి ఫ్లాష్‌తో పనిలేదు. అది 2.0 నాటి ఎస్‌బీ2 ఫైళ్లనే కాదు, అంతకుముందు వెర్షన్ 1.4 నాటి ఎస్‌బీ ఫైళ్లనూ తెరుస్తుంది. బ్లాకులు మళ్లీ మొదటినుంచి పేర్చనక్కర్లేదు.

అపోహ: గీతలు గీసే పెన్ బ్లాకులు, మ్యూజిక్ బ్లాకులు తీసేశారు.
ఎక్స్‌టెన్షన్లలోకి (కావాల్సినప్పుడు జోడించుకునే అదనపు బ్లాకుల్లోకి) మార్చారు, అంతే. ఎడమవైపు అడుగున ఉన్న బటన్ నొక్కితే ఉంటాయి. పాత ప్రాజెక్టులో వాడి ఉంటే వాటంతటవే వచ్చేస్తాయి.

అపోహ: తెరుచుకుందంటే పనైపోయినట్టే.
నేనూ అలాగే అనుకునేదాన్ని. మా క్లాసులో ఒకమ్మాయి సంక్రాంతి ముగ్గు గీసే పాత ప్రాజెక్టు తెరిచింది. రంగులతో సహా చక్కగా వచ్చింది. తర్వాత పెన్ రంగు బ్లాకు ఒకటి పొరపాటున చెరిపేసి, మెనూలోంచి కొత్తది లాగి, పాత అంకె 150 వేసింది. ఊదా రావాల్సిన చోట నీలం, ఆకుపచ్చ కలిసిన రంగు వచ్చింది! పాత లెక్కలో రంగులు 0 నుంచి 200 వరకు, కొత్తదానిలో 0 నుంచి 100 వరకే. పాత 150 అంటే ఇప్పుడు 75. పాత ప్రాజెక్టుతో వచ్చిన బ్లాకు పాత లెక్క ప్రకారమే నడుస్తుంది కాబట్టి, చెరిపేదాకా తేడా బయటపడదు. పెన్ రంగును ముదురుగా, లేతగా మార్చే షేడ్ బ్లాకుదీ ఇదే కథ: ప్రాజెక్టులో ఉంటే పనిచేస్తుంది, మెనూలో వెతికితే దొరకదు. కావాలంటే ఉన్నదానికే డూప్లికేట్ తీసుకోవాలి. అందుకే ఏ బ్లాకూ ముట్టుకోకముందే ఒక కాపీ పక్కన పెట్టమంటాను.

బొమ్మల్లో రాసిన అక్షరాలనూ ఓసారి చూసుకోండి. ఫాంట్లు మారాయి, కొన్నిచోట్ల అక్షరాలు గీత దాటతాయి. ఇక కంప్యూటర్‌కు తగిలించే పరికరాల్లో పికోబోర్డు (సెన్సర్ల బోర్డు), లెగో వీడో 1.0 (రోబో కిట్) మీద ఆధారపడ్డ ప్రాజెక్టులైతే ఆశ వదులుకోవడమే, 3.0లో అవి పలకవు. వీడో 2.0, మైక్రోబిట్ (చిన్న సర్క్యూట్ బోర్డు) పలుకుతాయి.

అపోహ: నచ్చకపోతే మళ్లీ 2.0లో తెరుచుకోవచ్చు.
కుదరదు. 3.0 ఎస్‌బీ3గానే సేవ్ చేస్తుంది, 2.0 దాన్ని తెరవలేదు. ఫైలు పేరులో చివరి అంకె 3 తీసి 2 పెట్టి చూసినవాళ్లున్నారు, లాభం లేదు. అదే ఫైలు కాపీకి చివర జిప్ అని పేరు మార్చి తెరవండి: బొమ్మలు, శబ్దాలు, బ్లాకుల వివరాలున్న ఒక టెక్స్ట్ ఫైలు విడివిడిగా కనిపిస్తాయి. పాడైన ప్రాజెక్టుల్లోంచి పిల్లల బొమ్మలను నేను చాలాసార్లు ఇలాగే బయటకు తీశాను.